ఆ మిషన్ మీ టేబుల్ మీదే ఉంది సార్

మా మండలంలో ఊరూరా ప్రాక్టీస్ చేస్తున్న ఆర్‌ఎంపీ డాక్టర్ సార్లకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా అక్కలకు నమస్కారం.

నేనెవరో మీలో చాలామందికి తెలుసు. పేరు మాత్రం రాయడం లేదు. రాస్తే ఇది ఒక డాక్టర్ మీద పితూరీ అయిపోతుంది, ఊళ్లో రెండు రోజులు చెప్పుకుని వదిలేస్తారు. నాకు ఎవరి మీదా పితూరీ లేదు. మా చిన్నదానికి నాలుగేళ్లు, దానికి షుగర్ ఉంది, అది తెలుసుకోవడానికి మాకు నెల పట్టింది. ఆ నెలలో అది కనీసం పది మంది పెద్దవాళ్ల కళ్ల ముందు తిరిగింది, అందులో మొదటిదాన్ని నేనే.

ముందు ఒక్క సాయంత్రం సంగతి చెప్తా. ఏప్రిల్ నెల, క్లినిక్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒక్క లైటు వెలుగుతోంది. బెంచీ మీద నేను, నా ఒళ్లో చిన్నది, పక్కన మా అత్తమ్మ. అత్తమ్మకు పన్నెండేళ్లుగా షుగర్. డాక్టర్ సార్ ఆమె వేలు పట్టుకుని సూదితో గుచ్చి, షుగర్ చూసే మిషన్ స్ట్రిప్ మీద రక్తం చుక్క పెట్టి, ఐదు సెకన్లలో 186 అని చెప్పి, మాత్ర మార్చొద్దు అన్నారు. తర్వాత నా వైపు తిరిగి పాపకేమైందమ్మా అన్నారు. ఊరికే మూత్రానికి పోతోంది సార్, రాత్రి పక్క తడుపుతోంది, నీళ్లు బాగా తాగుతోంది, నీరసంగా ఉంటోంది అని చెప్పాను. ఇవే మాటలు సార్, వరసగా ఇవే. యూరిన్ ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది అని సిరప్ రాశారు. మిషన్ ఇంకా టేబుల్ మీదే ఉంది, డబ్బా మూత కూడా పెట్టలేదు. అత్తమ్మ వేలికీ మా చిన్నదాని వేలికీ మధ్య జానెడు దూరం.

నేను రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు ఆ జానెడు దూరం గురించే ఆలోచిస్తా.

అంతకు మూడు వారాల ముందు మొదలైంది అనుకుంటా, ఖచ్చితంగా చెప్పలేను, ఎందుకంటే ఎండాకాలం. ఎండాకాలంలో పిల్లలు నీళ్లు అడిగితే ఎవరు లెక్కపెడతారు? మంచిదే కదా, తాగనీ అనుకున్నా. మూడేళ్లు నిండకముందే పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. ఒక రాత్రి, రెండు రాత్రులు, తర్వాత రోజూ. రాత్రి నీళ్లు తాగించడం వల్లే అని అత్తమ్మ, నేను ఇద్దరం తేల్చేసి, మంచం పక్కన పెట్టే చెంబు తీసేశాం. ఏడ్చి ఏడ్చి పడుకునేది. ఒక రాత్రి రెండింటికి లేచి చూస్తే పక్కన లేదు. బాత్రూంలో నిలబడి మగ్గు రెండు చేతులతో పట్టుకుని బకెట్‌లో నీళ్లు తాగుతోంది. నన్ను చూసి మగ్గు కింద పడేసి, తాగలేదమ్మా, తాగలేదమ్మా అంది. అప్పుడు ఒకటి వేశా కూడా. ఇది రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

తర్వాత తెలిసింది, మేము అనుకున్నది తలకిందులు. నీళ్లు తాగడం వల్ల మూత్రం కాదు, మూత్రం పోవడం వల్ల నీళ్లు. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి, ఆ చక్కెర తనతో పాటు ఒంట్లో నీళ్లను కూడా లాక్కుపోతుంది, ఒళ్లు ఎండిపోతుంది, అందుకే ఆ దాహం. అలాంటి పిల్లకు మేము నీళ్లు దాచిపెట్టాం.

ఇంకోటి. విడిచిన చెడ్డీలు పొద్దున ఉతుకుదామని బాత్రూం మూల బకెట్‌లో వేసేదాన్ని. ఒకరోజు చూస్తే గోడ పగులు నుంచి బకెట్ దాకా ఎర్రచీమలు బారు కట్టాయి, చెడ్డీ నిండా చీమలే. బెల్లం ముక్క తిని చేతులు బట్టలకే తుడుచుకుని ఉంటుంది అని అత్తమ్మ తిట్టింది, నేను చీమల మందు చల్లాను. మధుమేహం అన్న మాటలో మధువు ఎందుకుందో, పాతకాలం వైద్యులు మూత్రానికి చీమలు పట్టడం చూసి రోగం పోల్చుకునేవారని ఎందుకంటారో అన్నీ ఆ తర్వాత అర్థమయ్యాయి. మా ఇంట్లో మొదట పోల్చుకున్నవి ఆ చీమలే, మేము మందు చల్లి చంపేశాం.

బక్కగా అయిందని కూడా మాకు తట్టలేదు, రోజూ చూసేవాళ్లకు తెలియదు కదా. వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉంటాడు, క్యాంప్‌లో నెట్ సరిగా లేక ఇరవై రోజుల తర్వాత వీడియో కాల్ చేశాడు. చేయగానే, "ఏందే, బిడ్డ మెడ గింత సన్నగైంది? అన్నం పెడ్తలేవా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. పెట్టకపోవడమేంటి, మామూలుగా తినేదానికి రెండింతలు తింటోంది, అన్నం తిని గంట కాకముందే ఆకలి అంటోంది. తింటూనే చిక్కిపోతోంది అంటే అందులో ఏదో తేడా ఉందని ఆ కోపంలో ఆలోచించలేదు. మర్నాడు అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే రిజిస్టర్ తీసింది. మార్చిలో 15 కిలోల 200 గ్రాములు, ఏప్రిల్‌లో 13 కిలోల 100. ఎండలకు తగ్గి ఉంటుంది, గుడ్డు రోజూ తినిపించు అంది. ఆమె మంచిది, ఆమె చెప్పింది తప్పని కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మిగతాది త్వరగా చెప్పేస్తా. సిరప్ ఐదు రోజులు వాడాం, తగ్గలేదు. కడుపు నొప్పి అంటే నులిపురుగుల మాత్ర. దిష్టి తగిలిందేమో అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాం. ఒక ఆదివారం పొద్దున్నుంచి వాంతులు మొదలయ్యాయి, మధ్యాహ్నానికి గస పెట్టడం మొదలుపెట్టింది, దగ్గు లేదు, జలుబు లేదు, కానీ పరిగెత్తి వచ్చినదానిలా లోతుగా, గబగబా ఊపిరి. నోరు దగ్గర పెడితే బాగా మాగిపోయిన పండు వాసన. క్లినిక్‌కి తీసుకెళ్తే వాంతులకు నీరసపడిపోయింది, గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది అన్నారు. ఎక్కించారు. లేచి కూర్చోలేదు. సాయంత్రానికి పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తోంది. అప్పుడు ఆ సారే, ఆ మాట కూడా చెప్పాలి, ఆ సారే తన బండి మీద మమ్మల్ని బస్టాండ్ దాకా దింపి, ఆటో మాట్లాడి టౌన్‌కి పంపించారు, ఆటో డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు.

టౌన్‌లో ఆస్పత్రి క్యాజువాలిటీలో ఒక నర్సు అక్క, ఇరవై ఐదేళ్లుంటాయేమో, పాప మీదికి వంగి వాసన చూసింది, ఇంకేమీ అడగకుండా వేలు గుచ్చింది. మిషన్ మీద అంకె రాలేదు, హెచ్, ఐ అని రెండు అక్షరాలు వచ్చాయి. నేను దాన్ని హాయ్ అని చదువుకున్నా, మిషన్ పాడైందేమో అనుకున్నా. అది హై అట. చాలా మిషన్లలో 600 దాటితే అంకె చూపించదు, అలా చూపిస్తుంది. ఆ తర్వాత మూడు రోజులు ఐసీయూ.

ఇప్పుడు ఆర్‌ఎంపీ సార్లకు. మీరు డాక్టర్లే కాదని, మీ బోర్డులు తీసేయాలని అనేవాళ్లు ఉన్నారు, ఆ గొడవలోకి నేను పోను. రాత్రి పదకొండింటికి తలుపు కొడితే లుంగీ సర్దుకుంటూ వచ్చి తలుపు తీసేది మీరే, అందుకే ఈ లేఖ పెద్ద పెద్ద ఆస్పత్రులకు కాకుండా మీకు రాస్తున్నా. మీ అందరి దగ్గరా ఆ మిషన్ ఉంది. పెద్దవాళ్లకు రోజుకు పది సార్లు వాడతారు. పిల్లల మీద వాడాలని మీకు తోచదు, ఎందుకంటే షుగర్ అంటే నలభై దాటినవాళ్ల జబ్బని మీలాగే నేనూ అనుకున్నా. మనదేశంలో 20 ఏళ్ల లోపు వాళ్లలో టైప్ 1 షుగర్, అంటే మా చిన్నదానికి వచ్చిన రకం, ఉన్నవాళ్లు 2 లక్షలకు పైగా ఉంటారని అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2021లో లెక్క వేసింది. రెండేళ్ల పిల్లలకు వస్తుంది, ఏడాది నిండని పసిబిడ్డలకూ వస్తుంది. పసిబిడ్డలైతే దాహం అని చెప్పలేరు, ఊరికే పాలకు ఏడుస్తారు, డైపర్లు నీళ్లోడుతూ బరువుగా ఉంటాయి, తొడల మధ్య ఎర్రగా ఒరుసుకుపోయి ఎంత పౌడర్ వేసినా, ఏ క్రీమ్ రాసినా తగ్గదు.

నేను అడిగేది ఒక్కటే. మాటిమాటికీ మూత్రం, విపరీతమైన దాహం, చిక్కిపోవడం, నీరసం, ఈ నాలుగింటిలో ఏది చెప్పినా, మానేసిన పిల్ల మళ్లీ పక్క తడుపుతోందని చెప్పినా, సిరప్ రాసేముందు వేలు గుచ్చండి. పరగడుపున రేపు రండి అనొద్దు, తిన్నా తినకపోయినా అప్పుడే చూడాలి. చెయ్యి మాత్రం సబ్బుతో కడిగించి తుడిచాక గుచ్చండి, వేలికి మామిడిపండు రసమో బెల్లమో అంటుకుని ఉంటే అంకె ఎక్కువ వస్తుంది. ఈ లక్షణాలతో 200 లేదా ఆపైన వస్తే ఆ రోజే, ఆ పూటే పిల్లల డాక్టర్ ఉన్న ఆస్పత్రికి పంపాలి. ఒక్కోసారి బాగా జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా పిల్లలకు షుగర్ తాత్కాలికంగా పెరుగుతుందట, అది ఏదో ఆస్పత్రిలో తేలుస్తారు, మీరు తేల్చక్కర్లేదు. మూత్రం పరీక్షకు పంపినా చక్కెర బయటపడేది, స్ట్రిప్ ముంచితే రంగు మారుతుంది. ఇన్ఫెక్షన్ అనుకున్నప్పుడైనా ఆ పరీక్ష ఒకటి చేయించి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అత్తమ్మకు ఇచ్చే షుగర్ మాత్రలు పిల్లలకు ఇవ్వొద్దు. ఇది ఆ షుగర్ కాదు. ఒంట్లో రక్షణగా ఉండాల్సిన కణాలే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తాయి, ఇక ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వాల్సిందే, మాత్రలతో నడవదు. ఇన్సులిన్ లేకపోతే రక్తం నిండా చక్కెర ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేదు, ఆకలితో కొవ్వు కరిగించుకుంటుంది, దాంతో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. వాంతులు, కడుపు నొప్పి, గస, ఆ పండు వాసన, మగత అన్నీ దానివల్లే. దాన్ని మనవాళ్లు నిమోనియా అనుకుంటారు, ఆస్తమా అని నెబులైజర్ పెడతారు, అపెండిసైటిస్ అని స్కానింగ్‌కి పంపుతారు. మా వార్డులోనే ఒక అబ్బాయికి టైఫాయిడ్ అని వారం రోజులు మందులు వాడి తెచ్చారు.

ఇక ఆ గ్లూకోజ్ బాటిల్. మా ఊళ్లో నీరసం అన్న మాటకు అదే మందు, మేమే అడిగి పెట్టించుకుంటాం, పెట్టకపోతే సార్ సరిగా చూడలేదు అంటాం, కాబట్టి తప్పు సగం మాది కూడా. కానీ 5 శాతం గ్లూకోజ్ బాటిల్ అర లీటరుది అంటే అందులో 25 గ్రాముల చక్కెర, ఐదారు చెంచాలు. రక్తంలో 600 దాటి ఉన్న పిల్ల నరంలోకి అది పోయింది. బాటిల్ తగిలించేముందు ఏ పిల్లకైనా, ఏ జబ్బుకైనా సరే ఒకసారి వేలు గుచ్చి చూడండి. స్ట్రిప్‌కి అయ్యే ఇరవై ముప్పై రూపాయలు బిల్లులో వేసుకోండి, ఎవరూ కాదనరు. వాంతులు, గస, మగత మొదలైపోతే బాటిల్ కోసం కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి, షుగర్ ఇంత ఉంది అని కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. ఆ కాగితం ఉంటే అక్కడ క్యాజువాలిటీలో మొదటినుంచి వెతుక్కునే పని ఉండదు. ఐసీయూలో కూడా నీళ్లు, ఇన్సులిన్ గంట గంటకూ లెక్కగట్టి మెల్లగా ఎక్కించారు, తొందరపడితే మెదడు వాస్తుందట, అందుకని మీరు ఇన్సులిన్ ఒక డోసు పొడిచి ఇంటికి పంపడం అసలే వద్దు.

అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా అక్కలకు. నెల నెలా బరువు తూచేది మీరు. పిల్లల బరువు పెరగకపోవడం మీకు అలవాటే, కానీ ఉన్న బరువు ఒక్క నెలలో రెండు కిలోలు పడిపోవడం వేరు. ఆ అంకె చూసినప్పుడు గుడ్డు గురించి చెప్పే ముందు, రాత్రి నీళ్లకు లేస్తోందా, పక్క తడుపుతోందా అని అమ్మను ఒక్క మాట అడగండి. సెంటర్‌లో ఏ పిల్ల ఊరికే బాత్రూంకి అంటుందో, ఎవరు తన బాటిల్ ఖాళీ చేసి పక్కపిల్ల బాటిల్ కూడా తాగుతారో, ఆటలో కాకుండా మూల కూర్చుని ఉంటారో ఇంట్లో మాకంటే మీకే ఎక్కువ తెలుస్తుంది. మాటిమాటికీ బయటికి పోతోందని కూర్చోబెట్టేయకండి. చెడ్డీ తడుపుకున్నందుకు సిగ్గు సిగ్గు అని పిల్లలందరితో అనిపించకండి, మా సెంటర్‌లో అన్నారు, అందుకే అది చివరి వారం సెంటర్‌కి పోనని ఏడ్చేది, బద్ధకం అనుకున్నాం.

ఆస్పత్రి నుంచి వచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లందరూ నన్నే అన్నారు. చాక్లెట్లు పెట్టి పెట్టి తెచ్చావు అని. కడుపుతో ఉన్నప్పుడు తీపి బాగా తిన్నావేమో అని. మా మరిది పెళ్లిలో లడ్డూలు తిన్నది దానికే అని ఒకావిడ తేదీతో సహా చెప్పింది. అక్కల్లారా, ఈ టైప్ 1 తీపి తింటే రాదు, తల్లి ఏదో చేస్తే రాదు. మీరు ఇంటింటికీ తిరుగుతారు కాబట్టి మీ నోటితో చెప్తే నమ్ముతారు, నేను చెప్తే తప్పు కప్పిపుచ్చుకుంటోంది అంటారు. పసరు మందు తాగిస్తే నలభై రోజుల్లో పోతుంది, సూదులు మానెయ్ అని చెప్పేవాళ్లు కూడా వచ్చారు. సూది మానేస్తే రోజుల్లోనే మళ్లీ ఆ గస, ఆ మగత. మొదటి నెలల్లో కొందరికి ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోతుంది, సరిగ్గా అప్పుడే పసరు ఇచ్చినాయన నా వల్లే తగ్గింది అంటాడు, జాగ్రత్త.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో పద్నాలుగేళ్ల అబ్బాయికి మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతకడమే అరుదు. దాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు నవంబర్ 14, అందుకే అది ప్రపంచ మధుమేహ దినం. మనకేమో అదే రోజు నెహ్రూ పుట్టినరోజు, బాలల దినోత్సవం. సెంటర్‌లో పిల్లలకు గులాబీలు పెట్టి పాటలు పాడిస్తారు కదా, ఆ రోజే తల్లులను కూర్చోబెట్టి ఈ నాలుగు లక్షణాలు ఐదు నిమిషాలు చెప్పండి. వేరే మీటింగ్ అక్కర్లేదు.

ఇది నా సొంత తెలివి కాదు. ఐసీయూలో డాక్టరమ్మ చెప్పింది, ఇటలీలో పార్మా అనే ప్రాంతంలో 1990ల్లోనే ఈ పని చేశారట. అంతకుముందు అక్కడ కొత్తగా షుగర్ బయటపడిన పిల్లల్లో 78 శాతం ఇలా కీటోన్లతో ప్రాణం మీదికి వచ్చాకే ఆస్పత్రి చేరేవాళ్లు. వాళ్లు ఏం చేశారంటే, మానేసిన పిల్ల మళ్లీ పక్క తడుపుతుంటే షుగర్ చూపించండి అని స్కూళ్లలో పోస్టర్లు అంటించారు, పిల్లల డాక్టర్లకు షుగర్ చూసే మిషన్లు ఇచ్చారు. అంతే. కొన్నేళ్లకు అది 12.5 శాతానికి వచ్చింది. మనకైతే మిషన్లు ఎవరూ ఇవ్వక్కర్లేదు, మీ దగ్గర ఉన్నాయి. లేనిది పోస్టరే.

మా చిన్నది ఇప్పుడు బాగుంది. తినేముందు వేలు, తర్వాత సూది. వేళ్లు అదే ఎంచుకుంటుంది, ఇవాళ ఈ వేలుకి సెలవు అంటుంది. ఇప్పుడు మాకు భయం ఇంకోవైపు కూడా ఉంది, ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, వింతగా మాట్లాడుతుంది, వెంటనే చక్కెర నోట్లో పెట్టాలి. అందుకని అంగన్‌వాడీ టీచర్ బీరువాలో ఒక చిన్న డబ్బాలో గ్లూకోజ్ పొడి పెట్టుకుంది, దాని మీద మా చిన్నదాని ఫొటో అంటించుకుంది, ఇంకెవరూ తినకుండా. రిజిస్టర్ పట్టుకుని ఎండలకు తగ్గింది అన్న టీచరే.

పోస్టర్ నేను రాయించాను. టౌన్‌లో ఫ్లెక్సీ షాపు అబ్బాయి రెండు రోజుల్లో ఇస్తానన్నాడు. మంచం, తడిసిన దుప్పటి, పక్కన ఖాళీ చెంబు బొమ్మ వేయించా, కింద ఒక్క లైను: "పిల్ల మళ్లీ పక్క తడుపుతోందా? కొట్టకండి, షుగర్ చూపించండి." ముప్పై కాపీలు. మా ఆయన దుబాయ్ నుంచి డబ్బులు పంపాడు, బొమ్మలో పిల్లను మరీ బక్కగా వేయొద్దు అన్నాడు.

మంగళవారం అత్తమ్మకు షుగర్ చూపించడానికి ఎలాగూ క్లినిక్‌కి వస్తాం సార్. అప్పుడు మొదటిది మీకే తెస్తాను. బెంచీకి ఎదురుగా మందుల కంపెనీ క్యాలెండర్ ఉంది కదా, అది కొంచెం పక్కకు జరిపి ఉంచండి.

ఇట్లు,
చిన్నదాని అమ్మ